పట్టేసిన రెక్కకు మీటర్ స్కేలు, సుద్దముక్క, బావి గిలక

నేను చీమకుర్తిలో జాకెట్లు కుడతాను. ముప్పయ్యేళ్లుగా ఇదే పని. యాభై దాటిన ఆడవాళ్లు ఎవరైనా వచ్చి వీపు హుక్కులు ముందుకు మార్చమనో, చంక అంగుళం వదులు పెట్టమనో అడిగితే, కొలత తీయడం ఆపి "చెయ్యి వెనక్కి పోవడం లేదా?" అంటాను. చాలామంది తెల్లబోయి చూస్తారు. "నీకెట్లా తెలిసిందక్కా?" అంటారు. తెలియకేం, రెండేళ్ల కిందట ఏడెనిమిది నెలల పాటు నా జాకెట్టు నాకు మా కోడలే తొడిగింది.

వచ్చినవాళ్లకల్లా టేపు మెడలో వేసుకుని నిలబడి చెబుతుంటే కుట్టాల్సినవి అట్లాగే ఉండిపోతున్నాయి. అందుకని, భుజం కీలు బిగిసి చెయ్యి లేవని ఈ జబ్బు గురించి, డాక్టర్లు ఫ్రోజెన్ షోల్డర్ అనే దాని గురించి, ఒకసారి కూర్చుని రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. ఒంగోలులో ఎముకల డాక్టరు చెప్పింది, అక్కడి ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పింది, నేను తొమ్మిది నెలలు చేసి చూసుకున్నది, ఇదే ఇందులో ఉంది.

ముందు అది ఫ్రోజెన్ షోల్డరేనా కాదా తేల్చుకోండి

నాకు సంక్రాంతి గిరాకీలో మొదలైంది. రోజుకు ఆరేడు జాకెట్లు, వాటి మీద చీరల ఫాల్స్. కుడి రెక్క పైభాగంలో సన్నగా లాగేది. పని ఎక్కువై అనుకున్నాను. శివరాత్రి నాటికి ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోయాను. ఉగాదికి జడ వేసుకోవడం పోయింది, బస్సులో పైన కడ్డీ పట్టుకోవడం పోయింది. మా దారిలో గ్రానైట్ లారీలు ఎక్కువ. ఒంగోలు బస్సు వాటి వెనకాల బ్రేకు వేసినప్పుడల్లా, పడిపోతానేమోనని చెయ్యి దానంతటదే ముందుకు పోయేది. ఆ ఒక్క కుదుపుకు కళ్లల్లో నీళ్లు తిరిగేవి, నిమిషం సేపు రెక్క పట్టుకుని అట్లాగే వంగిపోయేదాన్ని.

ఈలోగా ఎవరో చెబితే విని ఒక కట్లు కట్టే ఆయన దగ్గరికి వెళ్లాను. నూనె రాసి, కాసేపు పిసికి, నేను మాటల్లో ఉండగా చెయ్యి పట్టుకుని పైకి ఒక్క గుంజు గుంజాడు. లోపల ఏదో చిరిగినట్టు అనిపించింది. ఆ తర్వాత పదిహేను రోజులు నేను మిషన్ ఎక్కలేదు. ఆయన్ని తిట్టుకోవడం ఎందుకు, వెళ్లింది నేను. కానీ పట్టేసిన భుజాన్ని ఎవరి చేతా గుంజించుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

ఒంగోలు డాక్టరు చేసిన పరీక్ష చాలా చిన్నది. నన్ను చెయ్యి ఎత్తమన్నాడు, భుజం దాకా రాలేదు. తర్వాత నా చేతిని వదులుగా ఉంచమని తనే ఎత్తబోయాడు, అక్కడే ఆగింది. మోచెయ్యి నడుముకు ఆనించి ముంజేతిని బయటికి తిప్పబోతే గడియ వేసిన తలుపులా నిలిచిపోయింది. "నువ్వు ఎత్తినా రాక, నేను ఎత్తినా రాకపోతే ఇది ఫ్రోజెన్ షోల్డరేనమ్మా. నువ్వు ఎత్తితే రాకుండా నేను ఎత్తితే వస్తే, అప్పుడు లోపల టెండాన్, అంటే కండను ఎముకకు కట్టి ఉంచే తాడు లాంటిది, తెగిందేమో చూడాలి" అన్నాడు. ఎక్స్‌రే తీయించాడు. అందులో ఏమీ కనబడలేదు. ఏమీ కనబడకపోతే డబ్బులు దండగ అనుకోకండి. కీలు అరగలేదు, ఎముకకు ఏమీ కాలేదు అని తెలిస్తేనే సాగదీసే పని మొదలుపెట్టేది.

ఆయన రాసిన ఇంకో రెండు పరీక్షలు, షుగరు, థైరాయిడ్. థైరాయిడ్ బాగానే ఉంది. షుగరు మూడు నెలల సగటు 9.4 వచ్చింది. నాకు షుగరు ఉందని తెలుసు, మాత్ర వేసుకుంటున్నాను కదా అని ఊరుకున్నాను. షుగరు ఉన్నవాళ్లకు ఈ జబ్బు మిగతావాళ్ల కంటే ఎక్కువగా వస్తుందట, వస్తే మొండికేస్తుందట. నలభై నుంచి అరవై ఏళ్ల మధ్య ఎక్కువ, మగవాళ్ల కంటే ఆడవాళ్లకు ఎక్కువ.

కింద పడి దెబ్బ తగిలాక మొదలైతే, జ్వరం ఉంటే, కీలు వాచి ఎర్రబడితే, ఏ కారణం లేకుండా బరువు తగ్గిపోతుంటే, మెడ నుంచి వేళ్ల దాకా తిమ్మిరి దిగుతుంటే నేను చెప్పేవి మొదలుపెట్టకండి, ముందు డాక్టరుకు చూపించుకోండి. ఛాతీలో బరువుగా ఉండి, చెమటలు పట్టి, దాంతోపాటు రెక్క లాగుతుంటే అది భుజం గోల కాదు, ఆ నిమిషమే ఆస్పత్రికి పోవాలి.

తడపని లైనింగ్

జబ్బేమిటో డాక్టరు బొమ్మ గీసి చూపించాడు. భుజం కీలు చుట్టూ పల్చటి సంచి లాంటి పొర ఉంటుంది. మామూలప్పుడు అది వదులుగా, చంక కింద మడత పడి ఉంటుంది. చెయ్యి పైకెత్తితే ఆ మడత విచ్చుకుంటుంది. ఈ జబ్బులో ఆ పొర వాచి, దళసరి అయి, కుంచించుకుపోతుంది. మడత మాయమవుతుంది. ఇక చెయ్యి ఎత్తడానికి లోపల గుడ్డ చాలదు.

నాకు అది వెంటనే అర్థమైంది. కాటన్ లైనింగ్ తడిపి ఆరబెట్టకుండా జాకెట్టు కుడితే ఏమవుతుందో కుట్టేవాళ్లకు తెలుసు. ఒక్క ఉతుకుకే లోపలి లైనింగ్ కుంచించుకుంటుంది. పైన పట్టు గుడ్డ ఎట్లా ఉన్నది అట్లాగే ఉంటుంది, కానీ చంక దగ్గర చెయ్యి లేవదు. పై గుడ్డకు ఎంత ఇస్త్రీ చేసినా లాభం లేదు. నా భుజానికి పైపైన నూనె పెట్టి పిసికించుకోవడం కూడా అట్లాంటిదే. హాయిగా ఉండొచ్చు, కానీ బిగిసింది లోపలిది.

అట్లాంటి జాకెట్టు బాగుకు వస్తే నేనేం చేస్తాను? గుంజితే కుట్టు దగ్గర పిగులుతుంది. కాబట్టి తడిపి, వేడి పెట్టి, రెండు చేతులతో మెల్లగా లాగి, లాగిన చోటే కాసేపు పట్టుకుని ఉంటాను. కాసేపటికి చేతుల కింద ఆ బిగువు సడలుతుంది. అప్పుడు ఇంకొంచెం లాగుతాను. భుజానికి చేసేది కూడా సరిగ్గా ఇదే. ఫిజియో అమ్మాయి నా చెయ్యి పట్టుకుని చూపించిన మొదటి రోజే "ఆంటీ, బలం కాదు, టైమ్" అంది. నొప్పి రాబోయే చోట ఆపి, అక్కడే పట్టి ఉంచాలి. అరనిమిషానికి, నిమిషానికి లోపలి లాగుడు తగ్గుతుంది. తగ్గాక ఒక వేలు మందం ముందుకు జరపాలి. ఇదే పద్ధతి మీద చేతికి తొడిగే చట్రాలు కూడా ఉన్నాయట. మర తిప్పితే చెయ్యి కొద్దిగా తిరిగి అక్కడే నిలబడుతుంది, ఐదు నిమిషాలకు సడలాక మళ్లీ కొంచెం తిప్పుతారు, అట్లా అరగంట, రోజుకు ఒకటి నుంచి మూడు సార్లు. నాకు ఆ చట్రం లేదు. నా మీటర్ స్కేలే నాకు చట్రం.

ఏ దశలో ఉన్నారో చూసుకోండి

ఈ జబ్బుకు మూడు దశలు. మొదటిది నొప్పి దశ, రాత్రుళ్లు నిద్ర ఉండదు, కదలిక రోజురోజుకూ తగ్గుతుంది. ఇది కొన్ని వారాల నుంచి తొమ్మిది నెలల దాకా సాగొచ్చు. రెండోది బిగింపు దశ, నొప్పి తగ్గుతుంది కానీ చెయ్యి మాత్రం రాదు. మూడోది వదులయ్యే దశ. అంతా కలిపి ఏడాది నుంచి మూడేళ్లు పడుతుంది. ఇది విని నాకు టెన్షన్‌తో బీపీ పెరిగింది. తర్వాత అనిపించింది, ఎంతకాలమో తెలియడమే నయం, లేకపోతే పది రోజులు చేసి ఫలితం లేదని మానేసేదాన్ని.

మొదటి దశలో ఉన్నవాళ్లు గట్టిగా సాగదీయకూడదు. వాచిన పొరను లాగితే ఇంకా వాస్తుంది. అప్పుడు చెయ్యాల్సింది ఊపడం, పడుకుని మెల్లగా ఎత్తడం, స్కేలుతో కొద్దిగా తిప్పడం, ఈ మూడే. తువ్వాలుతో వీపు వెనక లాగడం లాంటివి రాత్రి నొప్పి పోయాకే. నెదర్లాండ్స్‌లో 77 మంది మీద చేసిన ఒక పరిశీలన 2004లో అచ్చయిందని ఆ అమ్మాయి చెప్పింది. నొప్పి దాటి గట్టిగా సాగదీయించుకున్నవాళ్ల కంటే, నొప్పి లోపలే మెల్లగా చేసుకున్నవాళ్లు రెండేళ్లకు ఎక్కువగా బాగుపడ్డారట. పళ్లు బిగబట్టి చేస్తే తొందరగా వస్తుందనే మా ఆయనకు ఈ లెక్క రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

రోజూ చేసింది

పొద్దున స్నానం కాగానే ఒకసారి, సాయంత్రం దుకాణం కట్టేసే ముందు ఒకసారి. ఒక్కోసారి పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. మధ్యాహ్నం వీలైతే ఊపడం ఒక్కటే.

మొదట వేడి. వేడినీళ్లలో తువ్వాలు ముంచి పిండి, భుజం మీద పది నిమిషాలు కప్పుకోవాలి. షుగరు ఉన్నవాళ్లకు చర్మం మొద్దుబారి ఉండొచ్చు, కాలినా తెలియదు. ఆ తువ్వాలు ముందు మంచి చేతి మణికట్టుకు ఆనించి చూసుకోండి. స్నానం చేసిన వెంటనే చేస్తే ఈ పని తప్పుతుంది.

తర్వాత ఊపడం. నా కటింగ్ బల్లకు ఎడమ చెయ్యి ఆనించి ముందుకు వంగేదాన్ని. కుడి చెయ్యి ఏనుగు తొండంలా కిందికి వేలాడాలి. ఇక్కడ అందరూ చేసే తప్పు చేతిని దాని సొంత బలంతో ఊపడం. చెయ్యి కాదు, నడుము ఊగాలి. ఒంటిని ముందుకూ వెనక్కీ, పక్కలకీ కదిలిస్తే చెయ్యి దాని వెంట గడియారం లోలకంలా పోతుంది. చివర్లో చిన్న చిన్న సున్నాలు, కుడివైపు పది, ఎడమవైపు పది. అమెరికాలో కాడ్మన్ అనే సర్జన్ పేరు మీద దీన్ని పిలుస్తారు, 1934లో ఈ జబ్బుకు ఫ్రోజెన్ షోల్డర్ అని పేరు పెట్టింది కూడా ఆయనేనట. నేను అతి తెలివికి పోయి, బరువుంటే త్వరగా సాగుతుందని ఇస్త్రీ పెట్టె పట్టుకుని ఊపాను. ఆ రాత్రి నిద్ర లేదు. ఫిజియో అమ్మాయి తన తల్లి వయసున్న దాన్నని కూడా చూడకుండా తిట్టింది.

మూడోది స్కేలు. నన్నడిగితే ఇదే అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే ఈ జబ్బులో చెయ్యి బయటికి తిరగడమే అన్నిటికంటే ఎక్కువగా పోతుంది. అది రాకుండా పైకెత్తడం కూడా పూర్తిగా రాదు. చాప మీద వెల్లకిలా పడుకోండి. నొప్పి చేతి మోచెయ్యి పక్కటెముకలకు ఆనించి, మోచేతి కింద మడత పెట్టిన తువ్వాలు పెట్టండి. మోచెయ్యి మడిచి, ముంజెయ్యి కప్పు వైపు నిలబెట్టండి. మీటర్ స్కేలు ఒక కొస ఆ అరచేతిలో, రెండో కొస మంచి చేతిలో. ఇప్పుడు మంచి చేతితో స్కేలును మెల్లగా తోస్తే నొప్పి చెయ్యి పక్కకు, బయటికి వాలుతుంది. నొప్పి చెయ్యి పని చెయ్యకూడదు, చచ్చుబడినట్టు వదిలెయ్యాలి. లాగుడు మొదలైన చోట ఆపండి. ఊపిరి బిగబట్టకుండా ముప్పై లెక్కపెట్టండి. బిగువు కాస్త తగ్గినట్టు తెలుస్తుంది, అప్పుడు ఒక వేలు మందం తోసి మళ్లీ ముప్పై. తిరిగి వచ్చేటప్పుడు కూడా మెల్లగానే. మొదటి నెల ఇట్లా మూడుసార్లు, తర్వాత ఐదు. నొప్పి దశ దాటాక ఫిజియో అమ్మాయి ఒక్కో పట్టు రెండు మూడు నిమిషాలకు, ఆ తర్వాత ఐదు నిమిషాలకు పెంచింది. ఆ పొడుగు పట్టులు మొదలయ్యాకే నాకు నిజంగా తేడా కనబడింది. మోచెయ్యి ఒంటికి దూరంగా జరిగిపోతే అంతా వృథా, అందుకని మోచేతికీ నడుముకీ మధ్య చిన్న గుడ్డ ముక్క పెట్టుకునేదాన్ని. అది పడిపోతే తప్పు చేస్తున్నట్టు.

అట్లాగే పడుకుని, మంచి చేతితో నొప్పి చేతి మణికట్టు పట్టుకుని తల మీదుగా వెనక్కి ఎత్తాలి. ఆగిన చోట ముప్పై. దీంట్లో ఎత్తేటప్పటి కంటే దించేటప్పుడే పోటు పొడుస్తుంది, కాబట్టి కిందికి తెచ్చేటప్పుడు మంచి చెయ్యి వదలకండి.

తర్వాత గిలక. బోరు వేయించాక మా పాత బావి గిలక అటక మీద పడి ఉంది. మా ఆయన దానికి గ్రీజు పెట్టి వసారా దూలానికి కట్టాడు. నైలాన్ తాడు వేసి, రెండు కొసలకూ గుడ్డ చుట్టాను. కింద కుర్చీ వేసుకుని కూర్చుని మంచి చేతితో కిందికి లాగితే నొప్పి చెయ్యి పైకి పోతుంది. పైన ఆపి పది లెక్కపెట్టి దించాలి, అట్లా పదిహేను సార్లు. నాకు దీని మీద మక్కువ ఎక్కువ. టీవీ చూస్తూ చేసుకోవచ్చు. పక్కింటి పిల్లలు మాత్రం "అవ్వ నీళ్లు తోడుతోంది" అని నవ్వేవాళ్లు.

గోడ మీద వేళ్లు నడిపించడం అందరికీ తెలిసిందే. గోడకు ఎదురుగా ఒక అడుగు దూరంలో నిలబడి, వేళ్లతో సాలీడు పాకినట్టు పైకి పోవాలి. అందిన చోట నేను మార్కింగ్ సుద్దతో గీత పెట్టేదాన్ని. దాని సంగతి ముందు ముందు చెబుతాను.

రాత్రి నొప్పి పూర్తిగా పోయాక, అంటే నాకు ఐదో నెలలో, ఇంకో రెండు కలిశాయి. ఒకటి, నొప్పి చేతిని ఛాతీ మీదుగా ఎదుటి భుజం వైపు మంచి చేతితో మోచెయ్యి పట్టుకుని లాగడం. రెండోది తువ్వాలు. వీపు రుద్దుకునేటట్టు ఒక కొస పైన భుజం మీదుగా మంచి చేతిలో, రెండో కొస నడుము వెనక నొప్పి చేతిలో పట్టుకుని, పై చేతితో మెల్లగా పైకి లాగాలి. వీపు వెనక్కి పోవడమే నాకు అన్నిటికంటే ఆలస్యంగా తిరిగొచ్చింది. హుక్కుల దాకా చెయ్యి పోవాలన్న ఆశతో దీన్ని తొందరపడి మొదలుపెట్టి ఒకసారి వెనక్కి పోయాను. మీరు ఆ పని చెయ్యకండి.

ఎంత నొప్పి వరకు

ఇది రాసి పెట్టుకోదగ్గ లెక్క. అసలు నొప్పి లేకపోవడం సున్నా, తట్టుకోలేనిది పది అనుకుంటే, సాగదీసేటప్పుడు మూడు, నాలుగు దాటకూడదు. లాగుతున్నట్టు ఉండొచ్చు, పొడిచినట్టు ఉండకూడదు. ఆపాక అరగంటలో సద్దుమణగాలి. ఆ రాత్రి భుజం నిద్ర లేపితే మీరు ఎక్కువ చేశారన్నమాట. మర్నాడు మానెయ్యకండి, సగం చెయ్యండి. నేను పొద్దున లేవగానే రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చిందో క్యాలెండర్ గడిలో చుక్కలు పెట్టేదాన్ని. మూడు చుక్కలుంటే ఆ రోజు స్కేలు పట్టు తక్కువ, గిలక లేదు.

ఇంకో మోసం ఉంది. మనకు తెలియకుండా మనమే చేసే మోసం. చెయ్యి పైకి రానప్పుడు భుజం చెవి వైపు లేస్తుంది, లేకపోతే నడుము వెనక్కి వంగుతుంది. చెయ్యి ఎత్తు పెరిగినట్టు కనబడుతుంది కానీ కీలు కదలదు. నా దుకాణంలో ట్రయల్ అద్దం ఉంది కాబట్టి దాని ముందు నిలబడి చేసేదాన్ని. అద్దంలో రెండు భుజాలూ ఒకే ఎత్తులో ఉంటేనే ఆ గీత లెక్క. బట్టలు వేసి చూసుకునేవాళ్లు వచ్చి బయట నిలబడితే "రెండు నిమిషాలమ్మా" అనేదాన్ని.

కొలుచుకోండి

రోజూ చూసుకుంటే ఏమీ మారలేదనిపిస్తుంది. నాకు కొలవడం వృత్తి కాబట్టి వారానికి ఒకసారి, ఆదివారం పొద్దున, టేపు పట్టుకునేదాన్ని. నేల నుంచి గోడ మీద వేళ్లు అందిన గీత దాకా. ఎడమ చెయ్యి 75 అంగుళాలు అందుతుంది. మొదలుపెట్టిన జూన్‌లో కుడి చెయ్యి 52. నెల తర్వాత 54. ఆ రెండు అంగుళాలకే నేను పాయసం వండాను. మూడో నెల చివరికి 61. తర్వాత నెలన్నర పాటు అక్కడే కదలకుండా కూర్చుంది. షుగరు మళ్లీ పెరిగిందని ఆ టైమ్‌లోనే తెలిసింది. అన్నం ఒక పూటకు తగ్గించి, సాయంత్రం నడక పెట్టాక మళ్లీ కదిలింది. రెండిటికీ సంబంధం ఉందో లేదో నేను తేల్చలేను కానీ, నా నోటుబుక్కులో ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. తొమ్మిదో నెలలో 72.

వెనక వైపు కొలత వేరు. బొటనవేలు వీపు వెనక ఎక్కడి దాకా పోతోందని చూడాలి. మొదట నాది పిరుదు పక్కన ఆగిపోయేది. తర్వాత చీర కట్టు, తర్వాత నడుము, చివరికి జాకెట్టు అంచు. అక్కడి నుంచి హుక్కు దాకా నాలుగు అంగుళాలకు మూడు నెలలు పట్టింది. గీతలు పెట్టేటప్పుడు ప్రతిసారీ ఒకే చోట నిలబడండి, పాదాల దగ్గర నేల మీద కూడా ఒక గీత ఉండాలి. లేకపోతే దగ్గరికి జరిగి మనల్ని మనమే సంతోషపెట్టుకుంటాం.

రాత్రి, బట్టలు

పడుకోవడం నేర్చుకుంటే సగం యుద్ధం గెలిచినట్టే. మంచి పక్కకు తిరిగి పడుకుని, ఛాతీ ముందు దిండు కావిలించుకుని నొప్పి చేతిని దాని మీద వెయ్యండి. వెల్లకిలా పడుకుంటే మోచేతి కింద మడత పెట్టిన దుప్పటి ఉండాలి, చెయ్యి వెనక్కి జారిపోకూడదు.

బట్ట వేసుకునేటప్పుడు నొప్పి చెయ్యి ముందు దూర్చాలి, తీసేటప్పుడు దాన్ని చివర తియ్యాలి. నేను నా కోసం ముందు హుక్కుల జాకెట్లు నాలుగు కుట్టుకున్నాను. చంక చుట్టు అంగుళం ఎక్కువ, చేతి కింద చదరం ముక్క అతికాను. ఆ ముక్క వల్ల బట్ట చెయ్యెత్తినప్పుడు పట్టదు. మీ టైలరుకు చెబితే ఎవరైనా వేస్తారు, సిగ్గుపడకండి. లోపలి బాడీలు కూడా ముందు హుక్కువి దొరుకుతాయి.

చేతిని జోలెలో వేసుకుని తిరగకండి. కదపకపోతే ఇంకా బిగుస్తుంది. నడుము ఎత్తు లోపల పనులన్నీ చెయ్యవచ్చు. నేను కుట్టడం మానలేదు, అటక మీది సామాన్లు తియ్యడం మానేశాను.

ఇంజెక్షన్, ఆపరేషన్

రాత్రి నొప్పి మరీ ఎక్కువగా ఉన్న మొదటి దశలో డాక్టరు కీలులోకి ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చాడు. వారంలో నిద్ర పట్టింది, ఆ తర్వాతే సాగదీయడం సాధ్యమైంది. ఇంజెక్షన్ బిగువును తియ్యదు, నొప్పిని తగ్గించి మనకు సందు ఇస్తుంది. ఆ సందులో పని చేసుకోవాల్సింది మనమే. కాకపోతే షుగరు ఉన్నవాళ్లకు కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది. నాకు మూడు రోజులు 300 దాటింది. ముందే చెప్పి ఉంచారు కాబట్టి కంగారు పడలేదు. మీకు చెప్పకపోతే మీరే అడగండి.

మత్తు ఇచ్చి చెయ్యి తిప్పే పద్ధతి, చిన్న రంధ్రాలు పెట్టి ఆ పొరను కోసే ఆపరేషన్ కూడా ఉన్నాయి. నెలల తరబడి చేసినా కదలనివాళ్లకు అవి అవసరం కావచ్చు, ఆ మాట డాక్టరుతోనే తేల్చుకోవాలి. బ్రిటన్‌లో 503 మందిని మూడు గుంపులుగా చేసి, ఆ రెండు పద్ధతులనూ, ఇంజెక్షన్‌తో కలిపిన ఫిజియోథెరపీనీ పోల్చి చూశారట. 2020లో లాన్సెట్ అనే డాక్టర్ల పత్రికలో వచ్చింది. ఏడాది తర్వాత చూస్తే ఏ ఒక్కటీ మిగతావాటి కంటే చెప్పుకోదగ్గంత మెరుగని తేలలేదు. అది విన్నాక ముందు నా స్కేలుతో కొన్ని నెలలు చూస్తానని డాక్టరుతో అన్నాను. "సరే, నెలకోసారి వచ్చి కనబడు" అన్నాడు. ఆ వెళ్లి కనబడటం మానకండి, మన చేతికి మనం వేసుకునే మార్కులు కొంచెం ఎక్కువే ఉంటాయి.

మళ్లీ సంక్రాంతికి మా ఆయన వసారాకు సున్నం వేయిస్తుంటే ఆ గోడ ఒక్కటి వదిలెయ్యమన్నాను. నా తెల్ల సుద్ద గీతల పక్కన ఇప్పుడు ఎర్ర గీతలు, నీలం గీతలు ఉన్నాయి. జాకెట్లు ఇచ్చిపోయే వాళ్లలో ముగ్గురు వచ్చినప్పుడల్లా తమ గీత తాము పెట్టుకుని పోతారు. ఒకచోట బాగయ్యాక రెండో భుజానికి కూడా రావచ్చని డాక్టరు చెప్పాడు, అందుకని ప్రతి నెలా మొదటి ఆదివారం నా ఎడమ చేతికి కూడా పసుపు సుద్దతో ఒక గీత పెడుతున్నాను. ఇప్పటికైతే అన్నీ ఒకదాని మీద ఒకటి పడి లావుగా ఒకే గీతలా ఉన్నాయి.